రొయ్యల ట్రేలో నానో ఫిల్మ్: భీమవరం పక్క షెడ్డులో చేసిన ట్రయల్

భీమవరం నుంచి ఆకివీడు వెళ్లే దారిలో ఒక చిన్న పీలింగ్ షెడ్డు ఉంది. మొదట్లో పెద్ద ప్లాంట్లకు రొయ్యలు ఒలిచి ఇచ్చేవాళ్లు. ఈమధ్య సొంతంగా, తల, పెంకు, నరం తీసిన వనామి రకం రొయ్యని అరకిలో ట్రేల్లో పెట్టి హైదరాబాద్, విజయవాడ ఇళ్లకు పంపుతున్నారు. గడ్డకట్టించింది కాదు, ఐస్ మీద చల్లగా ఉంచిన పచ్చి రొయ్య. షెడ్డు యజమాని మా ల్యాబ్‌కి ఒక వెండిరంగు పౌచ్ పట్టుకుని వచ్చారు. ఎవరో అమ్మజూపారట, నానో సిల్వర్ (అతి సన్నని వెండి రేణువులు) కవరు అని. దాంట్లో పెడితే ఐస్ అక్కర్లేదు, వారం నిలుస్తుందన్నారట.

"ఏవమ్మా, ఇది నిజవేనంటారా? ఐస్ మానెయ్యచ్చా?" అని అడిగారు.

ఆయన బాధ నాకు అర్థమైంది. ఐస్ కరిగి థర్మాకోల్ బాక్స్ నుంచి నీళ్లు కారితే బస్సు వాళ్లు పార్సిల్ ఎక్కించుకోరు. ఎక్కించుకున్నా పక్కవాళ్ల సామాను తడిసిందని గొడవ. ఐస్ తగ్గించి పంపితే రొయ్య మెత్తబడి, జిగురొచ్చి, కస్టమర్ డబ్బు వెనక్కి అడుగుతారు. మధ్యలో నలిగిపోతున్న మనిషికి "ఐస్ అక్కర్లేదు" అన్న మాట ఎంత తియ్యగా వినిపిస్తుందో వేరే చెప్పాలా!

ఐస్ మానకూడదని అప్పుడే చెప్పేశాను. కానీ యాంటీమైక్రోబియల్ ఫిల్మ్, అంటే బ్యాక్టీరియాను అణిచే పలచని పొర, అనేది వట్టి మాట కాదు. దాని వెనక గట్టి సైన్స్ ఉంది. అది రొయ్య ట్రేలో నిజంగా ఎంత పని చేస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో చూద్దామని అనుకున్నాం. ఆ ట్రయల్ వివరాలే ఇవి. పరిశోధన పత్రాల్లో కనిపించే గొప్ప ఫలితాలు షెడ్డులోకి వచ్చేసరికి ఎందుకు చిక్కిపోతాయో తెలియాలంటే, ఫిల్మ్‌ని ల్యాబ్ ప్లేట్ మీద కాకుండా రొయ్య ఉండే చోటే పెట్టి చూడాలి. ఆ చోటు చల్లగా, చీకటిగా, తడిగా ఉంటుంది. పులుపు ఉండదు. ఈ నాలుగూ ఫిల్మ్‌కి ప్రతికూలమే.

ముందు రొయ్య సంగతి

ఒలిచిన రొయ్య రెండు రకాలుగా చెడుతుంది. ఒకటి నల్లమచ్చ. ఇది బ్యాక్టీరియా పని కాదు. రొయ్యలోనే ఉండే పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నల్లరంగు పుట్టిస్తుంది. తల దగ్గర, పెంకు కింద ఎక్కువ. అందుకే తల, పెంకు తీసేస్తే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. బ్యాక్టీరియాను చంపే ఫిల్మ్ నల్లమచ్చను ఆపుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. రెండూ వేరు వేరు జబ్బులు.

రెండోది అసలు కుళ్లు. చలిలో కూడా పెరగగలిగే సూడోమోనాస్, షెవనెల్లా లాంటి బ్యాక్టీరియా మాంసం పైపొర మీద చేరి అమోనియా, గంధకపు వాసనలు పుట్టిస్తాయి. గ్రాము రొయ్యలో వీటి లెక్క ఒక కోటి చేరితే ఇక పాడైనట్టే లెక్కేస్తారు. ఈ కుళ్లు పైపొర మీదే మొదలవుతుంది కాబట్టి, పైపొరను తాకే ఫిల్మ్‌తో దాన్ని నెమ్మదింపజేయవచ్చన్నది మొత్తం ఆలోచనకు మూలం. ఆలోచన సరైనదే.

సిల్వర్ ఎందుకు వద్దన్నాం

వెండి అయాన్లు బ్యాక్టీరియాను చంపుతాయి, అందులో సందేహం లేదు. అయితే అవి గంధకం ఉన్న ప్రోటీన్లకు, ఉప్పులోని క్లోరైడ్‌కు అతుక్కుపోతాయి. రొయ్య నిండా ఉన్నది ప్రోటీను, ఉప్పునీరు. మంచినీళ్లలో బ్రహ్మాండంగా పనిచేసిన వెండి, రొయ్య నుంచి ఊరే నీటిలో చాలా బలం కోల్పోతుంది. పైగా చట్టం ఒప్పుకోదు. యూరప్‌లో ఆహారాన్ని తాకే ప్లాస్టిక్‌లో నానో రూపంలో వాడాలంటే ఆ పదార్థానికి విడిగా అనుమతి ఉండాలి. ఆ జాబితాలో నానో జింక్ ఆక్సైడ్ ఉంది, నానో సిల్వర్ లేదు. అమెరికాలో 2014లో పర్యావరణ సంస్థ ఈపీఏ నానో సిల్వర్ కలిపిన ప్లాస్టిక్ ఆహార డబ్బాల అమ్మకాన్నే ఆపించింది. ఆ పౌచ్ తెచ్చిన అమ్మకందారుని మైగ్రేషన్ రిపోర్ట్ అడగమన్నాను. అంటే, కవర్ లోంచి ఆహారంలోకి ఏం ఎంత దిగుతుందో చెప్పే పరీక్ష. ఆయన దగ్గర ఒక బ్రోచర్ తప్ప ఏమీ లేదు. అక్కడితో ఆ పౌచ్ కథ ముగిసింది.

మేం ఎంచుకున్నది కైటోసాన్‌లో నానో జింక్ ఆక్సైడ్. కైటోసాన్ రొయ్య, పీత పెంకుల నుంచే వస్తుంది. పెంకును పలచని ఆమ్లంతో కడిగి సున్నం తీసేస్తారు, పలచని కాస్టిక్ సోడాతో ప్రోటీన్ తీసేస్తారు. మిగిలిన కైటిన్‌ని 40 నుంచి 50 శాతం గాఢత ఉన్న కాస్టిక్ సోడాలో బాగా వేడి చేస్తే కైటోసాన్ అవుతుంది. ఇది విన్న వెంటనే యజమాని కళ్లు మెరిశాయి. "మా దగ్గర పెంకులు రోజూ బండెడు పోతున్నాయండీ, మనవే చేసుకుందాం!" అన్నారు. వద్దని గట్టిగా చెప్పాను. ఆ కాస్టిక్ నీళ్లు ఎక్కడికి పోతాయి? షెడ్డు వెనక బోదెలోకి, అక్కడి నుంచి డ్రెయిన్‌లోకి. యనమదుర్రు డ్రెయిన్ ఇప్పటికే ఎలా ఉందో భీమవరం వాళ్లకు చెప్పక్కర్లేదు. చుట్టూ చెరువులు, వరి చేలు, తాగునీటి కాలువలు ఉన్న డెల్టాలో వ్యర్థజలాల శుద్ధి లేకుండా పెరట్లో కైటోసాన్ వండటం నేరంతో సమానమని నా అభిప్రాయం. ఈ పరిజ్ఞానం మీద కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ, సిఫ్ట్, ఏళ్ల తరబడి పనిచేసింది. వాళ్లకు విశాఖలో కేంద్రం కూడా ఉంది. చేయాలనుకునేవాళ్లు అక్కడ నేర్చుకుని, పరిశ్రమగా అనుమతులతో చేయాలి. ట్రయల్ కోసం మేం ఫుడ్ గ్రేడ్ కైటోసాన్ కొన్నాం, డీఎసిటైలేషన్, అంటే కైటిన్ కైటోసాన్‌గా మారిన మేర, 85 శాతం పైన ఉన్నది.

ఫిల్మ్ పోయడం

చేసే పద్ధతి కష్టమైంది కాదు. 100 మిల్లీలీటర్ల 1 శాతం ఎసిటిక్ ఆమ్లంలో 2 గ్రాముల కైటోసాన్ రాత్రంతా కలియబెట్టి, పలచని బట్టలో వడగట్టాలి. పెళుసుగా విరగకుండా కైటోసాన్ బరువులో పావు వంతు గ్లిజరాల్ కలపాలి. జింక్ ఆక్సైడ్ కైటోసాన్ బరువులో 2 శాతం. గాజు పలక మీద పోసి 40 డిగ్రీల దగ్గర ఆరబెడితే ఫిల్మ్ ఊడి వస్తుంది.

నానో అంటే 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉండే పరిమాణం. ఒక నానోమీటర్ మిల్లీమీటర్‌లో పదిలక్షల వంతు. రేణువు ఎంత చిన్నదైతే అదే బరువుకు అంత ఎక్కువ ఉపరితలం దొరుకుతుంది. 3 మైక్రాన్ల రేణువును 30 నానోమీటర్లకు తగ్గిస్తే ఉపరితలం 100 రెట్లు పెరుగుతుంది. బ్యాక్టీరియాను తాకేది, జింక్ అయాన్లను వదిలేది ఆ ఉపరితలమే కాబట్టి కొంచెం పదార్థంతో ఎక్కువ పని జరుగుతుంది. కానీ ఇంత చిన్న రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దలు కడతాయి. ధ్వని తరంగాలు పంపే సోనికేటర్‌తో విడగొట్టకుండా పొడిని నేరుగా గుమ్మరిస్తే ఫిల్మ్‌లో తెల్ల చుక్కలు కనిపిస్తాయి. కంటికి కనిపించే చుక్క నానో కాదు. మోతాదు పెంచేకొద్దీ ముద్దలు ఎక్కువవుతాయి, ఫిల్మ్ పెళుసెక్కుతుంది. "ఇంకాస్త వేస్తే ఇంకా బాగా పనిచేస్తుంది కదా" అనే లెక్క ఇక్కడ కుదరదు.

ఇక్కడే చాలామంది దాటేసే విషయం ఒకటుంది. జింక్ ఆక్సైడ్ ఆమ్లంలో కరుగుతుంది. పైన చెప్పిన 100 మిల్లీలీటర్ల ద్రావణంలో ఉన్న ఆమ్లం, వేసిన 40 మిల్లీగ్రాముల జింక్ ఆక్సైడ్‌ని మొత్తంగా కరిగించడానికి కావలసినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ముందే కలిపి గంటల తరబడి తిప్పితే చివరికి మిగిలేది జింక్ లవణం, నానో రేణువు కాదు. దాన్ని నానోకాంపోజిట్ (నానో రేణువులు కలిపిన ఫిల్మ్) అని పిలవడం సరికాదు. అందుకని మేం ఆమ్లాన్ని కాస్టిక్ సోడాతో వీలైనంత తగ్గించి, నీళ్లలో విడిగా చెదరగొట్టిన జింక్ ఆక్సైడ్‌ని పోసే ముందు మాత్రమే కలిపాం. ఫిల్మ్ ఆరాక పలచని కాస్టిక్ సోడా ద్రావణంలో ముంచి, మిగిలిన ఆమ్లాన్ని చంపి, మంచినీళ్లలో కడిగి మళ్లీ ఆరబెట్టాం. అయినా మాటల్లో నమ్మలేదు. ఎక్స్‌ఆర్‌డీ చేయించాం, అంటే ఎక్స్‌రేలతో స్ఫటికాలను గుర్తుపట్టే పరీక్ష. 31.8, 34.4, 36.3 డిగ్రీల దగ్గర జింక్ ఆక్సైడ్ శిఖరాలు కనిపించిన ఫిల్మ్‌ని మాత్రమే ట్రయల్‌కి తీసుకున్నాం.

సోడాలో ముంచడం వల్ల ఇంకో లాభం. ముంచని కైటోసాన్ ఫిల్మ్ రొయ్య నీటిలో ఉబ్బి, జిగురై, కరిగిపోతుంది. ముంచింది ఉబ్బుతుంది కానీ కరగదు. నష్టం కూడా ఉంది. కైటోసాన్‌కి బ్యాక్టీరియాను దెబ్బతీసే శక్తి దాని ధనావేశం నుంచి వస్తుంది. ఆ ఆవేశం పులుపులోనే నిలుస్తుంది, పీహెచ్ (ఈ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) ఆరున్నర దాటితే చాలావరకు పోతుంది. అయితే తాజా రొయ్య పీహెచ్ ఏడుకు దగ్గర్లో ఉంటుంది, పాతబడేకొద్దీ ఇంకా పెరుగుతుంది. అంటే ముంచకపోయినా రొయ్య మీద ఆ శక్తి నిలవదు. కాబట్టి మేం పోగొట్టుకున్నది తక్కువే. కైటోసాన్ ఫిల్మ్ రొయ్యను కాపాడుతుందని చెప్పే అంకెలు చూసినప్పుడల్లా ఏ పీహెచ్‌లో కొలిచారని నేను ముందు వెతికేది ఇందుకే.

ప్లేట్ మీద ఒకటి, ట్రేలో ఒకటి

ఫిల్మ్‌ని గుండ్రంగా కత్తిరించి, బ్యాక్టీరియా పూసిన అగర్ (బ్యాక్టీరియాకు మేతగా ఉండే జెల్లీ) ప్లేట్ మీద పెట్టి, చుట్టూ ఎంత మేర ఖాళీ ఏర్పడిందో కొలవడం అందరికీ తెలిసిన పరీక్ష. ఫొటో బాగా వస్తుంది. కానీ ఆ ఖాళీ చెప్పేది మందు అగర్‌లోకి ఎంత దూరం పాకిందన్నదే. కైటోసాన్ పాకదు. జింక్ ఆక్సైడ్ పెద్దగా పాకదు. ఖాళీ రాలేదని మంచి ఫిల్మ్‌ని పారేయొచ్చు, ఆమ్లం మిగిలిపోయిన ఫిల్మ్ చుట్టూ ఖాళీ వచ్చిందని మురిసిపోనూవచ్చు. తాకిన చోట ఏం జరుగుతుందో కొలవడానికి ఐఎస్ఓ 22196 పద్ధతి ఉంది. మేం అదే వాడాం, మా ఫిల్మ్ అందులో బాగానే నిలిచింది. అయితే ఆ పరీక్ష 35 డిగ్రీల వేడిలో 24 గంటలు చేస్తారు. రొయ్య ఉండేది సున్నా దగ్గర. ఇంకొకటి, జింక్ ఆక్సైడ్ వెలుతురు, ముఖ్యంగా అతినీలలోహిత కాంతి తగిలితే ఎక్కువ చురుగ్గా ఉంటుంది. మూత వేసిన థర్మాకోల్ బాక్స్‌లో వెలుతురు ఎక్కడిది? అక్కడ ప్రధానంగా మిగిలేది జింక్ అయాన్లు నెమ్మదిగా విడుదల కావడం, రేణువు నేరుగా తాకడం.

అందుకే షెడ్డులో ఆ రోజు ఒలిచిన రొయ్యతోనే ట్రేలు కట్టాం. కొన్ని మామూలుగా. కొన్నింటికి ఫిల్మ్‌ని పైన మూతలా కప్పి. ఇంకొన్నింటిలో రొయ్యలను ఒకే వరుసగా పరిచి, ప్రతి వరుసకీ మధ్య ఒక ఫిల్మ్, అడుగున నీరు పీల్చే ప్యాడ్ మీద ఒక ఫిల్మ్. వీటిని ఐస్‌లో సున్నా నుంచి 2 డిగ్రీల దగ్గర, ఇంటి ఫ్రిజ్‌లో, ఇంకా 10 డిగ్రీల దగ్గర ఉంచాం. ఆ చివరిది ఐస్ అయిపోయిన పార్సిల్‌కి నమూనా.

లెక్కించడంలో ఒక జాగ్రత్త. చలిలో పెరిగే బ్యాక్టీరియాను 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెడితే చాలావరకు పెరగవు. లెక్క తక్కువ వస్తుంది, ఫిల్మ్ అద్భుతం చేసినట్టు కనిపిస్తుంది. ప్లేట్లు 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంచాలి. షెవనెల్లా కోసం ఐరన్ అగర్ వాడితే నల్లటి కాలనీలుగా విడిగా కనిపిస్తుంది.

ఫలితం చెబుతాను. పైన మూతలా కప్పిన ఫిల్మ్‌తో, మామూలు ట్రేతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. ట్రేలు విప్పుతున్నప్పుడు పక్కనే ఉన్న పీలింగ్ ఆవిడ ఒకరు చేత్తో తడిమి చూసి, "మేడమ్ గారూ, పైవి గట్టిగానే ఉన్నాయండి, మజ్జనవే జారిపోతన్నాయి" అన్నారు. మా ప్లేట్లు మర్నాడు చెప్పింది కూడా అదే. అరకిలో రొయ్య కుప్పగా ఉంటే మూతను తాకేది పైన ఉన్న కొద్ది రొయ్యలే. మిగతావాటికి ఆ ఫిల్మ్ ఉన్నా లేకపోయినా ఒకటే. వరుసల మధ్య పెట్టిన ట్రేల్లో మాత్రం తేడా స్పష్టంగా ఉంది. ఐస్‌లో ఉన్నప్పుడు బ్యాక్టీరియా సంఖ్య దాదాపు పదో వంతుకు తగ్గింది, రొయ్య సుమారు రెండు రోజులు ఎక్కువ నిలిచింది. ఫ్రిజ్‌లో అంతకంటే తక్కువ. 10 డిగ్రీల దగ్గర కస్టమర్ గుర్తించేంత లాభం ఏమీ లేదు.

పది రెట్లు అంటే ఎన్ని గంటలు

ఈ రెండు రోజులు, ఆ శూన్యం, రెండూ ఒకే లెక్క నుంచి వస్తాయి. షెడ్డులో బోర్డు మీద రాసి చూపించింది ఇదే. ఈ కేసులో అన్నిటికంటే విలువైనది కూడా ఇదేనని నేను అనుకుంటున్నాను.

సంఖ్య పదో వంతుకు తగ్గిందంటే, మళ్లీ మొదటి చోటికి రావడానికి బ్యాక్టీరియా మూడు సార్లకు కొంచెం ఎక్కువగా రెట్టింపు కావాలి. రెండు, నాలుగు, ఎనిమిది, ఆ తర్వాత కాస్త. ఫిల్మ్ మనకు కొనిచ్చేది ఆ మూడు చిల్లర రెట్టింపులకు పట్టే కాలం. అది ఎంత అన్నది ఉష్ణోగ్రత చేతిలో ఉంటుంది. ఐస్‌లో ఒక రెట్టింపుకు పన్నెండు గంటలు పట్టిందనుకోండి, దొరికేది ఒకటిన్నర రోజు పైన. అదే 10 డిగ్రీల దగ్గర మూడు గంటలకే రెట్టింపయితే, దొరికేది పది గంటలు. చేపల నాణ్యత మీద పనిచేసేవాళ్లు వాడే పాత లెక్క ప్రకారం సున్నా డిగ్రీలతో పోలిస్తే 4 డిగ్రీల దగ్గర చెడే వేగం దాదాపు రెండింతలు, 10 డిగ్రీల దగ్గర నాలుగింతలు. అంటే ఐస్‌లో ఎనిమిది రోజులు ఉండేది 10 డిగ్రీల్లో రెండు రోజులు. ఐస్ తీసేసి ఆరు రోజులు పోగొట్టుకుని, ఫిల్మ్ పెట్టి పది గంటలు సంపాదించుకోవడం ఏ బేరం?

లెక్కకు రెండో వైపు కూడా ఉంది. ఫిల్మ్ ఇచ్చే ఆ పది రెట్ల లాభం షెడ్డులో బల్ల మీదే పోవచ్చు, బల్ల మీదే రావచ్చు. గ్రాముకు లక్షతో మొదలైన రొయ్య, పది లక్షలతో మొదలైన రొయ్య కంటే సరిగ్గా ఒక ఫిల్మ్ అంత ముందుంటుంది. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద ఒలిచే బల్ల మీద రొయ్య కుప్ప రెండు గంటలు ఐస్ లేకుండా ఉంటే, ఎంత మంచి ఫిల్మ్ తెచ్చినా వృథా. యజమాని ఇది పట్టుకున్నారు. ఒలిచేవాళ్ల ముందు చిన్న చిన్న గంపలుగా మాత్రమే పోయించి, ఒలిచినది ఎప్పటికప్పుడు ఐస్ నీళ్ల టబ్‌లో వేయించడం మొదలుపెట్టారు. బల్లలు, గంపలు, చేతులు కడిగే పద్ధతి మార్చారు. అలా కట్టిన మామూలు ట్రేల ప్లేట్లు చూస్తే, పాత పద్ధతిలో ఒలిచి ఫిల్మ్ పెట్టినవాటితో ఇంచుమించు సమానంగా వచ్చాయి.

గాలి ఆడాలి

నానోకాంపోజిట్ గురించి మాట్లాడేటప్పుడు అందరూ గొప్పగా చెప్పే గుణం ఇంకొకటి, గాలిని అడ్డుకోవడం. ఫిల్మ్‌లో చదునైన నానో క్లే (బంకమట్టి) పలకలు చేరిస్తే ఆక్సిజన్ వాటి చుట్టూ తిరిగి తిరిగి రావాలి. చిప్స్‌కి, నేతి మిఠాయికి ఇది వరం. చల్లటి పచ్చి రొయ్యకు ప్రమాదం.

గాలి లేని చోట క్లాస్ట్రిడియం బోట్యులినం అనే విషం పుట్టించే బ్యాక్టీరియా పెరుగుతుంది. దానిలో చేపలు, రొయ్యలకు సంబంధించిన రకం 3.3 డిగ్రీల దగ్గర నుంచే పెరగగలదు. మన ఇళ్లలో ఫ్రిజ్ తలుపు ఎన్నిసార్లు తెరుస్తామో, కరెంటు ఎన్నిసార్లు పోతుందో తలుచుకోండి. మామూలుగా వాసన పుట్టించే బ్యాక్టీరియా ముందు పెరిగి, "ఇది తినొద్దు" అని ముక్కుకి చెప్పేస్తాయి. యాంటీమైక్రోబియల్ ఫిల్మ్ వాటిని అణిచి, పైగా గాలినీ బిగిస్తే, వాసన లేకుండా విషం తయారయ్యే అవకాశం ఇచ్చినట్టే. బాగా ఉడికిస్తే ఆ విషం విరుగుతుంది, మనం రొయ్యను వేపుడో ఇగురో చేసుకుని బాగానే ఉడికిస్తాం. అయినా ప్యాకేజింగ్ చేసేవాళ్లు వంటింటి మీద భారం వేయకూడదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ గడ్డకట్టని చేపల ప్యాకింగ్‌కి చదరపు మీటర్‌కు రోజుకు 10,000 ఘనసెంటీమీటర్ల ఆక్సిజన్ లోపలికి రానిచ్చే ఫిల్మ్ కావాలని చెప్పేది ఈ కారణంతోనే. అందుకే మేం వ్యాక్యూమ్ అనే మాటను పక్కన పెట్టి, గాలి ఆడే పలచని పైకవర్ వాడాం. ఫిల్మ్‌ని లోపల వరుసల మధ్యకే పరిమితం చేశాం.

అమ్మకానికి ఎందుకు పెట్టలేదు

ఫలితం చూశాక యజమాని ఉత్సాహం ఆగలేదు. "ఈ వారం నుంచే పెట్టేద్దామండీ" అన్నారు. ట్రయల్ ట్రేలు ఒక్కటి కూడా గేటు దాటకూడదని మొదటే మాట తీసుకున్నాను, ఆయన నిలబెట్టుకున్నారు.

మన దేశంలో 2018 నాటి ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ప్యాకేజింగ్ నిబంధనలు ఉన్నాయి. ప్లాస్టిక్ ప్యాకింగ్ నుంచి ఆహారంలోకి మొత్తంగా దిగేది కిలోకు 60 మిల్లీగ్రాములు, లేదా చదరపు డెసిమీటర్‌కు 10 మిల్లీగ్రాములు దాటకూడదు. భారత ప్రమాణం ఐఎస్ 9845 ప్రకారం పరీక్షించాలి. జింక్‌కి విడిగా కిలోకు 25 మిల్లీగ్రాముల పరిమితి ఉంది. యూరప్ దాన్ని 5కి తగ్గించింది. నేను యూరప్ అంకెనే లక్ష్యంగా పెట్టుకున్నాను, వదులుగా ఉన్న పరిమితికి డిజైన్ చేస్తే రేపు మారినప్పుడు మొత్తం మళ్లీ చేయాలి. ఇక్కడ ఒక చిక్కు. రొయ్యలో సహజంగానే కిలోకు 10 మిల్లీగ్రాముల పైన జింక్ ఉంటుంది. ట్రేలోని రొయ్యను నేరుగా కొలిచి "ఫిల్మ్ నుంచి ఇంత దిగింది" అనలేం. ఫిల్మ్ పెట్టని రొయ్యను పక్కన పెట్టి పోల్చాలి, ఆహారానికి బదులుగా వాడే సిమ్యులెంట్ ద్రావణంలోనూ కొలవాలి. పుల్లటి ఆహారానికి ప్రతినిధిగా వాడే 3 శాతం ఎసిటిక్ ఆమ్లంలో ఈ ఫిల్మ్ పెడితే జింక్ ఆక్సైడ్ కరిగిపోతుంది. కాబట్టి ఇది పచ్చి రొయ్యకే. రొయ్యల పచ్చడికి పొరపాటున కూడా వాడకూడదు. నిమ్మరసం పట్టించి మ్యారినేట్ చేసిన రొయ్య ప్యాకెట్లకూ అంతే.

నానో ఉత్పత్తుల భద్రతను ఎలా అంచనా వేయాలో బయోటెక్నాలజీ విభాగం 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. అవి అడిగే సమాచారం, రేణువుల పరిమాణం, ఎంత విడిపోతుంది, శరీరంలో ఏమవుతుంది అన్నవి, ఒక పీలింగ్ షెడ్డు సొంతంగా తేగలిగేది కాదు. ఫిల్మ్ తయారుచేసే కంపెనీ తేవాలి. ఎక్స్‌పోర్ట్ ప్లాంట్లకు సరుకు ఇచ్చేవాళ్లకి ఇంకో మాట. యాంటీబయాటిక్ అవశేషాల వల్ల కంటెయినర్లు వెనక్కి వచ్చిన అనుభవం ఈ ప్రాంతానికి ఉంది. ఫిల్మ్ సంగతి చెప్పగానే కొనుగోలుదారు మొదట అడిగింది ఇందులో యాంటీబయాటిక్ ఉందా అనే. జింక్ ఆక్సైడ్ యాంటీబయాటిక్ కాదు, కానీ ఆ భరోసా కాగితం మీద ఉండాలి.

ఈలోగా షెడ్డు వాడుతున్నది ఇది. రొయ్యను ప్యాక్ చేసే ముందే ఐస్ నీళ్లలో సున్నా నుంచి 2 డిగ్రీలకు దించుతారు. ఒకటి రెండు వరుసలే పట్టే లోతు తక్కువ ట్రే, అడుగున నీరు పీల్చే మామూలు ప్యాడ్, గాలి ఆడే పైకవర్. బాక్స్‌లో విడి ఐస్ బదులు సీల్ చేసిన జెల్ ప్యాక్‌లు పైనా కిందా. నీళ్లు కారడం లేదు కాబట్టి బస్సు దగ్గర గొడవ లేదు. నానో లేదు. ఆయన మొదట తెచ్చిన సమస్య మాత్రం తీరింది. ఫిల్మ్‌కి అనుమతులున్న తయారీదారు దొరికిన రోజు, వరుసల మధ్య పెట్టడానికి ట్రే డిజైన్ సిద్ధంగా ఉంది.

ఈ పని సంగతి విని ఆత్రేయపురం నుంచి పూతరేకులు చేసే కుటుంబం ఒకటి ఫోన్ చేసింది. 2023లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చాక వాళ్లకు దూరం ఆర్డర్లు పెరిగాయి, ఇదే ఫిల్మ్ కావాలన్నారు. ఇవ్వలేనని చెప్పాను. కైటోసాన్ రొయ్య పెంకు నుంచి వచ్చింది. శాకాహారులు తినే, దేవుడికి నైవేద్యం పెట్టే మిఠాయికి దాన్ని చుట్టడం తగదు. రొయ్య పడనివాళ్లు ఎవరైనా తింటే ఎలర్జీ భయం కూడా ఉంది. అసలు పూతరేకు సమస్య బ్యాక్టీరియా కాదు. అంత పొడి రేకు, చక్కెర, నెయ్యి ఉన్నచోట బ్యాక్టీరియాకు నీరే దొరకదు. గోదావరి గాలిలో తేమకు రేకు మెత్తబడటం, నెయ్యి పాతబడి చెడు వాసన రావడం వాళ్ల కష్టాలు. వాళ్లకు కావలసింది తేమను, ఆక్సిజన్‌ను గట్టిగా ఆపే కవర్, లోపల ఆక్సిజన్ పీల్చే చిన్న ప్యాకెట్. రొయ్యకు నేను వద్దన్న గుణమే పూతరేకుకు కావాలి.

యాంటీమైక్రోబియల్ కవర్ అమ్మడానికి మీ దగ్గరికి ఎవరైనా వస్తే మూడు కాగితాలు అడగండి. మీ ఆహారానికి సరిపోయే సిమ్యులెంట్‌లో చేసిన మైగ్రేషన్ రిపోర్ట్. మీరు నిల్వ చేసే ఉష్ణోగ్రతలో, మీ ఆహారం మీదే చేసిన నిల్వ పరీక్ష, ఫిల్మ్ లేని ట్రేతో పోల్చినది. ఆక్సిజన్ ఎంత లోపలికి వస్తుందో చెప్పే అంకె. రెండోది వాళ్ల దగ్గర లేకపోతే ఒక రోల్ శాంపిల్ అడిగి తీసుకుని, దగ్గర్లోని ల్యాబ్‌లో మీ సరుకు మీదే చేయించుకోండి. ప్లేట్లు 37 డిగ్రీల్లో పెట్టొద్దని ఆ ల్యాబ్‌కి ముందే చెప్పండి.